ఎండలో మెరిసే మంచు ఫొటోలు: డార్క్‌టేబుల్‌లో మొదటి నుంచి చివరి దాకా

మనాలి వెళ్లొచ్చినవాళ్ల ఆల్బమ్ తెరిస్తే రెండు రకాల మంచు కనిపిస్తుంది. ఒకటి మబ్బు పట్టినట్టు బూడిద రంగులో ఉంటుంది. రెండోది సున్నం కొట్టిన గోడలా తెల్లగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంటుంది. అక్కడ నిలబడ్డప్పుడు కళ్లు చెదిరేలా మెరిసిన కొండ మాత్రం రెండింటిలోనూ ఉండదు.

మంచును తెల్లగా చేయడం పెద్ద పనేం కాదు, ఎక్స్‌పోజర్ స్లైడర్‌ను కుడివైపుకి జరిపితే చాలు. తెల్లగా ఉంటూనే దాని మెత్తదనం, గాలి చెక్కిన గీతలు, అడుగుల లోతు కనిపించాలి. కష్టమంతా అక్కడే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వెలుగు పైఅంచు గురించే ఉంటుంది.

ఉదాహరణకి ఒకే ఫొటో పట్టుకుని నడుద్దాం. జనవరిలో, ఉదయం పది గంటల వేళ, మనాలి దగ్గరి సోలాంగ్ లోయ. ముందు భాగంలో కొండ నీడ పడిన మంచు. మధ్యలో నల్లగా కనిపించే ఫర్ చెట్లు. వెనక ఎండ పడి మెరుస్తున్న వాలు, దాని పైన ముదురు నీలం ఆకాశం. చెట్ల దగ్గర దారిలో అద్దెకు దొరికే ఎరుపు, పసుపు కోట్లు వేసుకున్న ఇద్దరు ముగ్గురు మనుషులు. హై కాంట్రాస్ట్ మంచు ఫొటోలో వచ్చే చిక్కులన్నీ ఈ ఒక్క ఫ్రేమ్‌లో ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, రా ఫైళ్ల (సెన్సర్ పట్టిన వెలుగును జేపెగ్‌గా మార్చకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లు) కోసమే తయారైంది. అడోబ్ వాళ్ల లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి అక్కడ దానికి సమానమైనది ఏదో అవసరమైన చోట చెబుతాను.

మంచు బూడిద రంగులో ఎందుకు పడుతుంది?

కెమెరాలోని మీటర్‌కి ఎదురుగా ఉన్నది మంచో బొగ్గో తెలియదు. ఫ్రేమ్ మొత్తాన్ని కలిపి చూస్తే అది మధ్యస్థ బూడిద రంగంత వెలుగులో ఉంటుందని అనుకుంటుంది. ఫొటోగ్రఫీలో ఆ బూడిదని 18 శాతం వెలుగును వెనక్కి పంపే రంగుగా లెక్కిస్తారు. కొత్తగా పడిన మంచు 80 నుంచి 90 శాతం వెలుగును వెనక్కి పంపుతుంది. ఫ్రేమ్ నిండా అదే ఉంటే మీటర్ 'అబ్బో, వెలుగు ఎక్కువైంది' అనుకుని తగ్గించేస్తుంది. అందుకే మంచులో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 నుంచి +2 మధ్య పెట్టమంటారు. +1 అంటే ఒక స్టాప్. ఒక స్టాప్ పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం.

ఎంత తెల్లగా ఉండాలన్న ప్రశ్నకి పాత జవాబే ఇప్పటికీ పనికొస్తుంది. ఫొటోగ్రాఫర్లు అన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతిలో నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు ఉంటాయి. మధ్యస్థ బూడిద ఐదో జోన్. గరుకుదనం కనిపించే మంచు ఏడు, ఎనిమిది జోన్లలో ఉండాలి. ఆ పైవి దాదాపు ఖాళీ కాగితం కిందే లెక్క. మన స్క్రీన్ భాషలో, అంటే 0 నుంచి 255 దాకా ఉండే అంకెల్లో, ఎండ పడిన మంచు 235 నుంచి 248 మధ్య ఉండేలా నేను చూసుకుంటాను. 255 అనేది మంచు మీద మిలమిల మెరిసే చుక్కలకి మాత్రమే.

రా ఫైలు ఎందుకంత ముఖ్యమో కూడా ఇక్కడే తెలుస్తుంది. 14 బిట్ రా ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి. అందులో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికంటే పైనున్న ఒక్క స్టాప్‌లోనే ఉంటాయి. ఎండ పడిన మంచు ఉండేది ఆ చుట్టుపక్కలే. జేపెగ్‌లో మొత్తం కలిపి 256 మెట్లే. మాడిపోకుండా, అంటే వెలుగు మరీ ఎక్కువై వివరాలు పోకుండా, తీసిన రా ఫైలులో మంచు గురించి ఉన్నంత సమాచారం ఇంకే భాగం గురించీ ఉండదు. ఫోన్‌తో తీసేవాళ్లు ప్రో మోడ్‌లో రా, అంటే డీఎన్‌జీ ఫైలు, ఆన్ చేసుకుంటే అక్కడే సగం పని అయినట్టు.

ముందు స్క్రీన్ సంగతి

ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ 100 శాతంలో పెట్టి మంచు ఫొటో ఎడిట్ చేయకండి. స్క్రీనే వెలిగిపోతుంటే మీరు తెలియకుండానే ఫొటోను తగ్గించేస్తారు. తర్వాత అది ప్రింట్‌లోనో, వేరేవాళ్ల ఫోన్‌లోనో బూడిదగా కనిపిస్తుంది. మామూలు గది వెలుతురులో బ్రైట్‌నెస్ సగానికి అటూఇటూగా ఉంటే సరిపోతుంది. నైట్ లైట్, కంటికి ఇంపుగా రంగు మార్చే సెట్టింగులు అన్నీ ఆపేయాలి. అవి ఆన్‌లో ఉంటే మంచు పసుపో నీలమో తేల్చుకోలేరు.

డార్క్‌టేబుల్‌లో ఫొటోను డార్క్‌రూమ్‌లో, అంటే ఎడిటింగ్ తెరలో, తెరిచాక కంట్రోల్+బి నొక్కండి. ఫొటో చుట్టూ తెల్లటి అంచు, ఆ వెనక మధ్యస్థ బూడిద నేపథ్యం వస్తాయి. మంచు ఫొటోలకి ఇంతకు మించిన సాయం లేదు. మన కన్ను చుట్టూ ఉన్నదాన్ని బట్టి తెలుపును లెక్కగడుతుంది. నల్లటి నేపథ్యంలో బూడిద మంచు కూడా తెల్లగానే అనిపిస్తుంది. పక్కనే అసలైన తెలుపు కనిపిస్తుంటే ఆ మోసం జరగదు. రంగు, వెలుగు నిర్ణయాలన్నీ ఈ మోడ్‌లోనే తీసుకోండి.

ఏది పోయింది, ఏది ఉంది?

ఏ స్లైడరూ ముట్టుకోకముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది: మంచులో ఏ భాగం కెమెరాలోనే మాడిపోయింది, ఏ భాగం స్క్రీన్ మీద మాత్రమే మాడినట్టు కనిపిస్తోంది? రెండింటికీ డార్క్‌టేబుల్‌లో వేర్వేరు సూచికలున్నాయి, ఫొటో కింద వరసలోని చిన్న ఐకాన్లలో. 'రా ఓవర్‌ఎక్స్‌పోజ్డ్' అనేది సెన్సరే నిండిపోయిన చోట్లను చూపిస్తుంది. మామూలు ఓవర్‌ఎక్స్‌పోజ్డ్ సూచిక మీ ఎడిటింగ్ వల్ల హద్దు దాటిన చోట్లను చూపిస్తుంది. రెండోది ఎప్పుడైనా సరిదిద్దవచ్చు. మొదటిదాని విషయంలో నిజాయితీగా ఉండాలి. ఎండ వాలులో పెద్ద ముక్క మూడు రంగుల్లోనూ నిండిపోయి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ అక్కడ గరుకుదనాన్ని తిరిగి తేలేదు. అలాంటి ఫొటోను పక్కన పెట్టి, అదే చోట కాస్త తక్కువ వెలుగులో తీసిన ఇంకో ఫ్రేమ్ ఉందేమో వెతుక్కోవడం మంచిది.

మన సోలాంగ్ ఫొటోలో వాలు పైఅంచున, శిఖరం దగ్గర చిన్న చిన్న మచ్చలే నిండాయి, అవీ ఆకుపచ్చ ఛానెల్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో ఒకటి) మాత్రమే. ఎండలో తీసిన రా ఫైళ్లలో మామూలుగా ముందు నిండేది ఆకుపచ్చే. దీనివల్ల ఒక వింత జరుగుతుంది. వైట్ బ్యాలన్స్ కోసం, అంటే తెలుపు తెల్లగానే కనిపించడానికి, సాఫ్ట్‌వేర్ ఎరుపునీ నీలాన్నీ హెచ్చిస్తుంది. ఆకుపచ్చ అప్పటికే ఆగిపోయి ఉంటుంది. ఫలితంగా మంచు మీద గులాబీ మరకలు తేలతాయి.

ఈ మరకలు పోగొట్టేది 'హైలైట్ రీకన్‌స్ట్రక్షన్' మాడ్యూల్. డార్క్‌టేబుల్‌లో ఒక్కో పనికీ ఉన్న పనిముట్టును మాడ్యూల్ అంటారు. కొత్త వెర్షన్లలో అది దానంతట అదే ఆన్‌లో ఉంటుంది. పద్ధతి 'ఇన్‌పెయింట్ ఆపోజ్డ్' గా ఉంచండి, మంచుకి చాలాసార్లు అది సరిపోతుంది. ఇంకా గులాబీ కనిపిస్తుంటే అదే మాడ్యూల్‌లో క్లిప్పింగ్ థ్రెషోల్డ్‌ను 1.0 నుంచి కొద్దికొద్దిగా తగ్గించండి. గులాబీ మాయమైన చోట ఆగండి. అంతకంటే తగ్గిస్తే బాగున్న మంచును కూడా సాఫ్ట్‌వేర్ ఊహించి నింపడం మొదలుపెడుతుంది.

లెన్స్ కరెక్షన్, డినాయిజ్ ప్రొఫైల్డ్ రెండూ ఇప్పుడే ఆన్ చేసేసి ముందుకు వెళ్లండి. వాటి డిఫాల్ట్ విలువలు చాలు. డార్క్‌టేబుల్‌లో మాడ్యూళ్లు ఒక నిర్ణీత క్రమంలోనే పనిచేస్తాయి. మీరు ముందు దేన్ని తెరిచారన్నది ఫలితాన్ని మార్చదు. వెనక్కి వెళ్లి సరిచేసుకోవడానికి భయపడక్కర్లేదు.

ఎక్స్‌పోజర్: ఎండను కాదు, నీడను చూసి పెట్టండి

ఫొటో తెరవగానే అనుకున్నదానికంటే చీకటిగా కనిపించి చాలామంది కంగారు పడతారు. కారణం ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌లోని 'కాంపెన్సేట్ కెమెరా ఎక్స్‌పోజర్' అనే టిక్. మీరు కెమెరాలో +1.3 పెట్టి తీస్తే ఈ టిక్ దాన్ని చదివి అంత మేరా తగ్గించేస్తుంది. మామూలు దృశ్యాలకి అది సబబే. మంచు విషయంలో మీరు కావాలని పెంచిన వెలుగును అది లాగేసుకుంటుంది. టిక్ తీసేయండి, మంచు ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది.

ఇప్పుడు ఎక్స్‌పోజర్ స్లైడర్. చాలామంది ఎండ వాలు మాడకుండా చూసుకుంటూ దీన్ని పెడతారు. అప్పుడు మిగతా ఫొటో అంతా చీకట్లో ఉండిపోతుంది, తర్వాత షాడోలు బలవంతంగా ఎత్తాల్సి వస్తుంది. దానికి బదులు నీడలో ఉన్న ముందు భాగం మంచును చూడండి. నీడలో ఉన్నా మంచు మంచే, మధ్యస్థ బూడిద కంటే కాస్త పైన ఉండాలి. ఎడమ ప్యానెల్‌లోని కలర్ పికర్‌తో అక్కడ ఒక చదరం గీయండి. మూడు రంగుల సగటు 150 నుంచి 175 మధ్యకి వచ్చేదాకా స్లైడర్ జరపండి. ఎండ వాలు అప్పటికే హద్దు దాటినట్టు కనిపించవచ్చు. కనిపించనివ్వండి. డార్క్‌టేబుల్‌లో ఎక్స్‌పోజర్ పెంచినంత మాత్రాన పైవెలుగు తెగిపోదు, తర్వాత వచ్చే మాడ్యూల్ దాన్ని కిందికి తెస్తుంది.

ఆ మాడ్యూల్ సిగ్మాయిడ్. దృశ్యంలోని అపారమైన వెలుగు తేడాను స్క్రీన్‌కి పట్టేలా కుదించడం దాని పని. దీని కాంట్రాస్ట్ డిఫాల్ట్ విలువ 1.5. ఎండ మంచుకి అది ఎక్కువ. 1.2, 1.3 దగ్గరికి తెచ్చి చూస్తే శిఖరం మీది గీతలు మెల్లగా బయటపడతాయి. ఫొటో కాస్త చప్పగా అనిపిస్తుంది, పర్లేదు. చెట్ల నలుపునీ స్థానిక కాంట్రాస్ట్‌నీ తర్వాత విడిగా ఇస్తాం. దీనికి బదులు ఫిల్మిక్ మాడ్యూల్ అలవాటైనవాళ్లు అక్కడి 'వైట్ రిలేటివ్ ఎక్స్‌పోజర్'తో ఇదే పని చేయవచ్చు. రెండు మాడ్యూళ్లనీ ఒకేసారి ఆన్‌లో ఉంచకూడదు. లైట్‌రూమ్‌లో అయితే ఎక్స్‌పోజర్ పెంచి, హైలైట్స్ బాగా తగ్గించి, వైట్స్ స్లైడర్‌ను ఆల్ట్ నొక్కి పట్టుకుని జరపండి. నల్లటి తెర మీద మొదటి చుక్కలు మెరిసే చోట ఆపండి.

నీడలు నీలంగా ఉంటాయి, ఉండాలి కూడా

ఎండలో ఉన్న మంచు మీద పడేది సూర్యుడి వెలుగు. నీడలో ఉన్న మంచు మీద పడేది నీలాకాశం వెలుగు. ఎండ దాదాపు 5,500 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం) అయితే, నీడలో అది 7,000 దాటి చాలా పైకి పోతుంది. ఎత్తైన ప్రాంతాల్లో ఆకాశం మరీ ముదురు కాబట్టి నీడ ఇంకా నీలంగా పడుతుంది. అంటే ఒకే ఫొటోలో రెండు రకాల వెలుగులున్నాయి, వైట్ బ్యాలన్స్ మాత్రం ఒకటే.

అందుకే పికర్ తీసుకుని నీడలోని మంచు మీద నొక్కకండి. నీడ తెల్లబడుతుంది, ఎండ వాలు మొత్తం పసుపు నారింజ రంగులోకి పోతుంది. చలి కూడా పోతుంది ఫొటోలోంచి. డార్క్‌టేబుల్‌లో వైట్ బ్యాలన్స్ మాడ్యూల్‌ను దాని దారిన వదిలేసి, 'కలర్ క్యాలిబ్రేషన్'లోని పికర్‌తో ఎండ పడిన మంచు మీద, మాడని చోట చదరం గీయండి. ఆ తర్వాత ఎండ మంచులో మూడు అంకెలూ దాదాపు సమానంగా వస్తాయి. నేను ఎరుపును నీలం కంటే రెండు మూడు అంకెలు పైన ఉంచుతాను. ఉదయపు ఎండకి ఆ చిన్న వెచ్చదనం కావాలి.

ఇక నీడ. ఫర్ చెట్టు నీడ ఎండ మంచు మీద పడిన చోట దగ్గరికి జూమ్ చేసి అంచు చూడండి. చెట్టు మొదలు దగ్గర నీడ అంచు కత్తిరించినట్టు ఉంటుంది, కొన వైపు వెళ్లేకొద్దీ మసకబారుతుంది. నీలం కూడా అలాగే, అంచు దగ్గర పలచగా మొదలై లోపలికి చిక్కబడుతుంది. పికర్‌లో ఎరుపు 150, ఆకుపచ్చ 164, నీలం 188 లాంటి అంకెలు వస్తే అది కంటికి సహజమైన నీడ. ఎరుపుకీ నీలానికీ తేడా 70, 80కి పోతే మంచు ప్లాస్టిక్‌లా కనిపించడం మొదలవుతుంది. మన ఫొటో ముందు భాగంలో సరిగ్గా అదే జరిగింది.

దాన్ని తగ్గించడానికి 'కలర్ బ్యాలన్స్ ఆర్‌జీబీ' తెరవండి. కింద మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో హద్దు గీసేది) రకాల్లో 'డ్రాన్ అండ్ పారామెట్రిక్' ఎంచుకోండి. పారామెట్రిక్ భాగంలో హ్యూ (రంగు రకం) స్లైడర్‌ను నీలానికి పరిమితం చేస్తే నీలం నీడలన్నీ ఎంపికవుతాయి. చిక్కేమిటంటే ఆకాశం కూడా నీలమే. అందుకే డ్రాన్ మాస్క్‌లో ఒక గ్రేడియెంట్ గీసి, ఆకాశం బయట ఉండేలా తిప్పండి. ఇప్పుడు క్రోమా (రంగు చిక్కదనం) స్లైడర్‌ను మైనస్ 20, 30 శాతం దాకా తగ్గించండి. పూర్తిగా చంపొద్దు. నీలం పోయిన నీడ మురికి బూడిదగా మారుతుంది, అది నీలం కంటే అసహజం. అంచుల్లో గీత పడకుండా ఫెదరింగ్ రేడియస్ కాస్త పెంచండి.

టోన్ ఈక్వలైజర్: ఎండ వాలును దించడం, చెట్లను వదిలేయడం

మంచు ఫొటోకి ఒకే ఒక్క మాడ్యూల్ నేర్చుకునే ఓపిక ఉందంటే ఇది నేర్చుకోండి. వెలుగును తొమ్మిది మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టునూ విడిగా పెంచడానికో తగ్గించడానికో వీలిస్తుంది. ఫొటో మీద మౌస్ ఉంచి చక్రం తిప్పితే ఆ చోటి వెలుగు మెట్టు కదులుతుంది.

వాడే ముందు మాస్కింగ్ ట్యాబ్‌కి వెళ్లాలి. ఈ మాడ్యూల్ మైనస్ 8 నుంచి 0 ఈవీ (ఒక ఈవీ అంటే ఒక స్టాప్) దాకా ఉన్న వెలుగునే చూస్తుంది. మనం ఎక్స్‌పోజర్ పెంచాం కాబట్టి మంచంతా కుడి చివర 0 దగ్గర గుంపుగా పేరుకుపోయి ఉంటుంది. అలా వదిలేస్తే ఎండ మంచు, నీడ మంచు రెండూ ఒకే మెట్టులో ఉన్నట్టే, ఒకదాన్ని దించితే రెండోదీ దిగుతుంది. మాస్క్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, మాస్క్ కాంట్రాస్ట్ కాంపెన్సేషన్ స్లైడర్ల పక్కన ఉన్న మంత్రదండం గుర్తును నొక్కండి. హిస్టోగ్రామ్ (ఏ వెలుగులో ఫొటో ఎంత ఉందో చూపే గ్రాఫ్) అటూఇటూ పరుచుకుంటుంది. చాలామంది 'ఈ మాడ్యూల్ పనిచేయడం లేదు' అని వదిలేసేది ఈ ఒక్క పని దాటవేయడం వల్లే.

ఆ తర్వాత ఎండ వాలు మీద మౌస్ పెట్టి 0.4, 0.5 ఈవీ దించండి. నీడలోని మంచును 0.2 పెంచండి. వక్రరేఖ నునుపుగా ఉండాలి. పక్క పక్క మెట్లలో ఒకటి బాగా ఎత్తి, ఇంకోటి బాగా దించితే చెట్ల చుట్టూ తెల్లటి వలయాలు వస్తాయి.

చెట్లను మాత్రం ఎత్తకండి. ఇది నా గట్టి అభిప్రాయం. షాడో స్లైడర్ కనిపించగానే ప్రతి చీకటి మూలనీ వెలిగించాలనిపిస్తుంది. చలికాలపు ఎండలో, మంచు పక్కన నిలబడిన ఫర్ చెట్టు నిజంగానే నల్లగా కనిపిస్తుంది. దాని లోపల రెండు మూడు కొమ్మల ఆకారం తెలిస్తే చాలు. ఫొటోలో ఎక్కడో ఒకచోట గట్టి నలుపు ఉంటేనే మంచు తెలుపు నిలబడుతుంది. చెట్లు బూడిద ఆకుపచ్చగా మారిన క్షణం ఎండ పోయి మబ్బు పట్టినట్టు అనిపిస్తుంది, మంచును ఎంత తెల్లగా చేసినా.

గరుకుదనం: పదిహేను అంకెల తేడా

ఎండ వాలును 100 శాతం జూమ్‌లో చూడండి. గాలి మంచును సన్నటి అలలుగా చెక్కి ఉంటుంది. ఒక్కో అలకి సూర్యుడి వైపు ఉన్న ముఖం 243 ఉంటే, వెనక ముఖం 228 ఉంటుంది. తేడా పదిహేను అంకెలు. అడుగులు పడిన చోట అది నలభై దాకా పోవచ్చు. మనం మెత్తటి మంచు అనుకునేదంతా ఈ చిన్న తేడాలోనే ఉంది. అందుకే ఫొటో మొత్తానికి కాంట్రాస్ట్ పెంచితే లాభం లేదు. ఇక్కడ మాత్రమే, ఈ అలల సైజులో మాత్రమే పెంచాలి.

'లోకల్ కాంట్రాస్ట్' మాడ్యూల్ ఆన్ చేసి డిటైల్‌ను 130 నుంచి 150 శాతం మధ్య పెట్టండి. పారామెట్రిక్ మాస్క్‌తో దాన్ని ప్రకాశవంతమైన భాగాలకే పరిమితం చేయండి. కంప్యూటర్ గట్టిదైతే 'డిఫ్యూజ్ ఆర్ షార్పెన్'లోని లోకల్ కాంట్రాస్ట్ ప్రీసెట్ ఇంకా సహజంగా ఉంటుంది, కాకపోతే బాగా నెమ్మది. లైట్‌రూమ్‌లో ల్యూమినెన్స్ రేంజ్ మాస్క్ గీసి టెక్స్‌చర్ 20, 25 పెంచండి. క్లారిటీని మంచు మీద అతిగా వాడితే ఇసుకలా గరుకుగా మారుతుంది. డీహేజ్ మరీ ప్రమాదం, నీడలన్నీ ముదురు నీలమైపోతాయి.

సరిపోయిందో లేదో తెలియాలంటే ఫొటోను చిన్నది చేసి, ఫోన్ సైజులో చూడండి. వాలు గుండ్రంగా, దిగుడుగా కనిపిస్తే సరైన చోట ఉన్నట్టు. చుక్కలు చుక్కలుగా మెరిస్తే తగ్గించండి.

మనుషులు ఉంటే

కొండలకోసం తీసినా మన ఫొటోల్లో ఇంట్లోవాళ్లు ఉంటారు. వాళ్ల ముఖం కనిపించకపోతే ఎంత గొప్ప మంచైనా ఆ ఫొటోను ఇంట్లో ఎవరూ గోడకి తగిలించరు. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌కి రెండో ఇన్‌స్టెన్స్ (అదే మాడ్యూల్‌కి ఇంకో కాపీ) తెరవండి. ముఖం మీద దీర్ఘవృత్తం ఆకారంలో మాస్క్ గీసి, చుట్టూ మెత్తటి అంచు ఎక్కువగా ఉంచి, 0.5 నుంచి 0.8 ఈవీ దాకా పెంచండి. నీడలో నిలబడితే ముఖం మీద కూడా ఆకాశపు నీలం పడి, చర్మం బూడిదగా కనిపిస్తుంది. అదే మాస్క్‌ను కలర్ బ్యాలన్స్ ఆర్‌జీబీ రెండో ఇన్‌స్టెన్స్‌లో వాడి మిడ్‌టోన్స్‌ను కొంచెం నారింజ వైపు జరపండి. వెలుగు కంటే ముందు ఈ రంగు సరిచేస్తే, మీరనుకున్నదానికంటే తక్కువ పెంచితే సరిపోతుందని తెలుస్తుంది. చామనఛాయ ముఖాన్ని పాలిపోయేలా ఎత్తకండి. మంచు పక్కన ఆ రంగు ముదురుగానే కనిపిస్తుంది, అదే అందం. కళ్లు, నవ్వు తెలియడానికి కావలసినంత వెలుగు ఇస్తే చాలు. మంచు మీదనుంచి తిరిగొచ్చే వెలుగు గడ్డం కింద పడుతుంది కాబట్టి ముఖంలో కిందిభాగం అప్పటికే కాస్త వెలిగి ఉంటుంది. మాస్క్‌ను నుదురు, కళ్ల వైపు జరిపి గీయండి.

అద్దె కోట్ల ఎరుపు ఇంకో తలనొప్పి. తెలుపు, నీలం మధ్య ఒక్క ఎర్రచుక్క ఉంటే కన్ను అక్కడికే పోతుంది. మడతలు కనిపించకుండా ఎరుపు ఛానెల్ నిండిపోతుంది కూడా. హ్యూ మాస్క్‌తో ఎరుపును మాత్రమే పట్టుకుని క్రోమాను 15 శాతం దాకా, వెలుగును కాస్త తగ్గించండి. కోటు ఎర్రగానే ఉంటుంది, మడతలు తిరిగొస్తాయి.

అంచులు, మచ్చలు

శిఖరం ఆకాశాన్ని తాకే చోట, నల్ల కొమ్మలు మంచును తాకే చోట ఊదారంగు దారాలు కనిపిస్తాయి. 'రా క్రొమాటిక్ అబెరేషన్స్' మాడ్యూల్‌తో చాలావరకు పోతాయి. శిఖరం వెంట తెల్లటి గీత ఉంటే అది మీ షార్పెనింగ్ వల్లే, తగ్గించండి.

ఎఫ్/11, ఎఫ్/16 లో తీసిన ఫొటోల్లో సెన్సర్ మీది దుమ్ము చుక్కలు ఆకాశంలోనూ సాదా మంచులోనూ బాగా తేలతాయి. 'రిటచ్' మాడ్యూల్‌లో హీల్ పద్ధతితో వాటిని తీసేయండి. అడుగుల గుర్తులు తీసేయాలా అని కొందరు అడుగుతారు. చెత్త, ప్లాస్టిక్ సీసా లాంటివైతే తీయొచ్చు. అడుగులు మాత్రం వాలు ఎంత లోతో చెప్తాయి, కన్నును లోపలికి నడిపిస్తాయి. నేను ఉంచేస్తాను.

ఒక్క ఫ్రేమ్‌లో రెండు కొసలూ పట్టలేదని తెలిసి వేర్వేరు ఎక్స్‌పోజర్లలో మూడు ఫొటోలు తీసి ఉంటే, లైట్‌టేబుల్‌లో, అంటే ఫొటోలన్నీ వరసగా కనిపించే తెరలో, మూడింటినీ ఎంచుకుని 'క్రియేట్ హెచ్‌డీఆర్' నొక్కండి, ఒక డీఎన్‌జీ ఫైలు తయారవుతుంది. డార్క్‌టేబుల్ ఫ్రేమ్‌లను ఒకదానితో ఒకటి సరిపెట్టదు కాబట్టి ట్రైపాడ్ మీద తీసినవే ఇందుకు పనికొస్తాయి. మధ్యలో మనుషులు కదిలినా చిక్కే.

బయటికి పంపడం

ఎక్స్‌పోర్ట్‌లో ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ, జేపెగ్ క్వాలిటీ 92 నుంచి 95. మంచు, ఆకాశం లాంటి నునుపైన చోట్ల క్వాలిటీ తగ్గిస్తే ముందుగా మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తాయి, అందుకే ఇక్కడ పిసినారితనం వద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, ఆ పదిహేను అంకెల తేడా ముందు పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రింట్ వేయించేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. 255 ఉన్న చోట ప్రింటర్ ఇంకు వేయదు, ఖాళీ కాగితం మిగులుతుంది. నిగనిగలాడే కాగితం మీద ఆ ఖాళీకి, పక్కనున్న ఇంకు పడిన భాగానికి మధ్య అంచు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ప్రింట్ కోసం తీసే కాపీలో మెరిసే చుక్కలతో సహా మంచంతా 250 లోపు ఉండేలా సిగ్మాయిడ్ 'టార్గెట్ వైట్' స్లైడర్‌ను కొద్దిగా దించండి. పెద్ద సైజు వేయించే ముందు అదే ల్యాబ్‌లో, అదే కాగితం మీద ఒక చిన్న ప్రింట్ తీయించి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని చూడండి. నీడలు స్క్రీన్ మీదకంటే ముదురుగా వచ్చి ఉంటే ఎక్స్‌పోజర్‌ను 0.2, 0.3 పెంచి మళ్లీ పంపండి. మంచు పసుపుగా వచ్చిందంటే కాగితమే పసుపేమో వెనక్కి తిప్పి చూసుకుని, అప్పుడు రంగు జోలికి వెళ్లండి.